రంగు వెయ్యని అచ్చు

ఇంగ్లండు ఉత్తరభాగంలో, కంబ్రియాలో, లెవెన్స్ హాల్ అనే పాత జమీందారీ భవనం ఉంది. అక్కడ ఉన్న ఒక బొంతను 1708 ప్రాంతంలో ఆ ఇంటి ఆడవాళ్ళే కుట్టారని చెబుతారు. ఇంగ్లండులో ఇప్పటికీ మిగిలిన అతుకుల బొంతల్లో బాగా పాతవాటిలో అదొకటి. పలకలు పలకలుగా కత్తిరించి కలిపిన ఆ ముక్కలు అక్కడి గుడ్డలు కావు. అన్నీ మన దేశం నుంచి ఓడలెక్కి పోయిన అద్దకపు నూలుగుడ్డలు. తెలుగులో చీటీ అన్నా, ఇంగ్లీషువాళ్ళు చింట్జ్ అన్నా అదే సరుకు. ముక్కలన్నీ అతికాక పైన ఎర్రదారంతో ఏటవాలు గళ్ళు వచ్చేలా కుట్టేశారు.

బొంతలు కుట్టడం సరదాగా పెట్టుకున్నవాళ్ళు ఈ రోజుల్లో రబ్బరు స్టాంపులతో గుడ్డమీద ఆకులూ పువ్వులూ పిట్టలూ వేసుకుంటున్నారు. స్టాంపును ఇంకు ప్యాడ్ మీద ఒత్తి, గుడ్డమీద ఒత్తి, ఆరాక ఇస్త్రీపెట్టె పెడితే పని పూర్తయినట్టే. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఇది పెద్ద కాలక్షేపం, చిన్నపాటి వ్యాపారం కూడా. ఈ పనికి వంశవృక్షం గీస్తే వేళ్ళు బంగాళాఖాతం ఒడ్డున తేలతాయి. కాకపోతే తాతకూ మనవడికీ ఒక పెద్ద తేడా ఉంది. రబ్బరు స్టాంపు రంగు వేస్తుంది. మచిలీపట్నం చెక్క అచ్చు, కనీసం ఎరుపు దగ్గర, రంగు వెయ్యదు. ఎరుపు ఎక్కడ పట్టాలో గుడ్డకు చెప్పి ఊరుకుంటుంది. ఆ కోస్తా గుడ్డకు లోకమంతా ఎందుకు ఎగబడిందో ఈ చిన్న కిటుకులోనే ఉంది.

పదిహేడో శతాబ్దంలో ఈ కోస్తాలో, ఉత్తరాన శ్రీకాకుళమూ కింద మచిలీపట్నమూ, ఒకే ఏలుబడిలో ఉండేవి. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. డచ్చివాళ్ళు 1600ల తొలి పదేళ్ళలోనే అక్కడ దిగారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. మొదట్లో వాళ్ళకు ఈ గుడ్డను ఐరోపాకు పట్టుకుపోవాలన్న యావ లేదు. తూర్పు దీవుల్లో మిరియాలూ లవంగాలూ జాజికాయా కొనాలంటే అక్కడివాళ్ళు వెండికన్నా కోరమాండల్ గుడ్డనే ఇష్టంగా పుచ్చుకునేవారు. అలా సుగంధద్రవ్యాల బేరంలో డబ్బుగా చెలామణి అయిన గుడ్డ, తరవాత తానే సరుకై కూర్చుంది. మంచాలమీద పరిచే పెద్ద పెద్ద పలంగ్‌పోష్‌లు ఐరోపాలో పలంపోర్‌లయ్యాయి. కొండమీద చెట్టు, చెట్టు నిండా ఎక్కడా లేని పువ్వులు, కొమ్మల్లో పిట్టలు: ఒక్కో పరుపు దుప్పటి ఒక్కో తోటలా ఉండేది.

1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ పని చూసిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన కథనం 1626లో లండన్‌లో అచ్చయింది. ఆయనను ఆశ్చర్యపరిచింది బొమ్మలొక్కటే కాదు. గుడ్డ చిరిగేదాకా ఎన్ని ఉతుకులు పడినా రంగు పోకపోవడం ఆయనకు అంతుపట్టని సంగతి. దానికి మూలం ఈ దేశంలో దొరికే ఒక వేరు అని గ్రహించి, పేరుతో సహా రాశాడు. అది చిరివేరు. ఇసుకనేలలో పెరిగే చిన్న మొక్క, వేళ్ళు సన్నగా దారాల్లా ఉంటాయి. గవ్వలూ ఆలిచిప్పలూ నలిగి కలిసిన సున్నపు ఇసుకలో పెరిగిన వేరుకు ఎరుపు దండిగా ఉంటుందని అద్దకంవాళ్ళ లెక్క. అందుకే కృష్ణ ముఖం దగ్గరి తీరభూమి, నిజాంపట్నం వైపు, ఈ వేరుకు పేరుపడింది. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన గొప్ప బొమ్మల గ్రంథంలో దీనికీ చోటిచ్చాడు.

వేరు ఒక్కటే ఉంటే చాలదు. చిరివేరు కషాయంలో మామూలు నూలుగుడ్డ ముంచితే వచ్చేది ఒట్టి మురికి గులాబీ, రెండు ఉతుకులకు అదీ పోతుంది. పటిక ఉండాలి. పటిక పట్టిన పోగుకే ఎరుపు అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే వదలదు. మచిలీపట్నంలో, దాని పక్కనే ఉన్న పెడనలో చెక్క అచ్చుల పని ఎలా సాగుతుందో చూస్తే ఇది బోధపడుతుంది.

మగ్గం మీంచి వచ్చిన గుడ్డలో గంజి ఉంటుంది, దాన్ని ముందు వదలగొట్టాలి. పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరేస్తే గుడ్డ తెల్లబడుతుంది. తరవాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో, గేదెపాలు చేర్చి, ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు పోగుకు పడుతుంది, పాలలోని కొవ్వు పైన వేసే ద్రవం పక్కలకు పాకకుండా ఆపుతుంది. గుడ్డ అప్పుడు లేత పసుపుగా, కొంచెం పాలవాసనతో ఉంటుంది.

ఇప్పుడు నలుపు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం కలిపిన నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం చూడటానికి కల్లునీళ్ళలా ఉంటుంది. అచ్చుతో దాన్ని కరక్కాయ పట్టిన గుడ్డమీద వేస్తే అక్కడికక్కడే నల్లబడుతుంది. బొమ్మల గీతలన్నీ ఈ నలుపుతోనే. ఎరుపు రావలసిన చోట మరో అచ్చు పడుతుంది. ఈ అచ్చు ముంచేది తుమ్మజిగురు కలిపిన పటికనీళ్ళలో. పటికకు రంగు లేదు గనుక, ఎక్కడ వేశామో తెలియడానికి కాస్త రంగు కలుపుతారు, అది తరవాత నీళ్ళలో పోయేదే. నాలుగు రోజులు ఆగి, పారే నీళ్ళలో గుడ్డను జాడిస్తారు. పారే నీళ్ళే కావాలి. నిలవనీళ్ళలో ముంచితే వదిలిన పటిక తెల్లని చోట్ల మళ్ళీ పట్టుకుంటుంది, ఇంత శ్రమా వృథా. కృష్ణా కాలవలు లేకపోతే పెడనలో ఈ పని నిలిచేది కాదేమో.

ఆ తరవాత రాగి కాగులు. వేరో చెక్కో జాజాకులో వేసి మరిగించిన నీళ్ళలో గుడ్డలను ముంచి, కర్రలతో తిప్పుతూ ఉడికిస్తారు. గుడ్డంతా ఎర్రబారి బయటికి వస్తుంది. కొత్తగా చూసేవాడికి పని చెడిందనే అనిపిస్తుంది. పేడనీళ్ళు, ఎండ, మళ్ళీ తడి, మళ్ళీ ఎండ పడేకొద్దీ పటిక లేని చోట ఎరుపు వదిలి తెలుపు తేలుతుంది, పటిక ఉన్న చోట గట్టిపడుతుంది. పసుపుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క. నీలానికి నీలిమందు, దానిది వేరే శాస్త్రం. ఇదంతా చదివితే అచ్చువేసే మనిషి ఈ వరసలో ఒక చిన్న భాగమేనని తెలుస్తుంది. నిజమే. ఉతికే చేతులు, కాగు దగ్గరి కళ్ళు, అసలు గొప్పతనం వాళ్ళది. బజారులో మాత్రం పేరంతా అచ్చుకే వస్తుంది.

అచ్చుల సంగతికొస్తే, అవి టేకుచెక్కతో చెక్కినవి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు: గీతకు ఒకటి, నింపడానికి ఒకటి, అంచుకు వేరేవి. చెక్కాక నూనెలో నానబెడితే తడికి ఉబ్బవు. బల్లమీద దళసరిగా గోనెలూ గుడ్డలూ పరిచి, పక్కన తొట్టిలో వెదురు తడక, దానిమీద గోనె, కంబళి ముక్క పేర్చి ద్రవం పోస్తారు. నేటి ఇంకు ప్యాడ్‌కు పెద్దక్క అది. అచ్చును దానిమీద తాకించి, గుడ్డమీద పెట్టి, పిడికిలితో ఒక పోటు వేస్తారు.

నిజానికి పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఐరోపాకు పోయిన గొప్ప కోరమాండల్ గుడ్డల్లో చాలావరకు అచ్చు పని కాదు, కలం పని. బొమ్మను కాగితంమీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూటతో తట్టితే గుడ్డమీదికి దిగేది. దాన్ని పట్టుకుని వెదురు కలంతో గీసేవారు. ఒకే ఆకు, ఒకే మామిడిపిందె వందసార్లు రావలసిన చోట చెక్క అచ్చు పనికొచ్చింది. పర్షియా బేరం పెరిగేకొద్దీ, మిహరాబు బొమ్మలున్న నమాజు గుడ్డలకూ అంచులకూ గిరాకీ వచ్చేకొద్దీ మచిలీపట్నంలో అచ్చు కలాన్ని పక్కకు నెట్టింది. కలం శ్రీకాళహస్తిలో దేవుళ్ళ కథలు గీస్తూ ఉండిపోయింది. ఇప్పుడు రెండింటినీ కలంకారీ అనే అంటున్నారు. పెడన గుడ్డకు ఆ పేరు అతకదని గొణిగేవాళ్ళు లేకపోలేదు గానీ, బజారు ఒకసారి పేరు పెట్టాక తీసేవాళ్ళెవరు?

ఐరోపాలో ఈ గుడ్డ పిచ్చి ముదిరేసరికి అక్కడి నేతగాళ్ళ కడుపు మండింది. ఫ్రాన్సు 1686లో చీటీలను నిషేధించి 1759 దాకా నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండులో 1701 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం హిందూదేశపు అద్దకపు గుడ్డను దేశంలో అమ్మకానికి లేకుండా చేసింది. లండన్‌లో పట్టు నేతగాళ్ళు 1719లో వీధుల్లో చీటీ కట్టుకున్న ఆడవాళ్ళ ఒంటిమీది గుడ్డలు చింపారు. 1721 చట్టం ఇంకో అడుగు ముందుకేసి ఒంటిమీదా మంచంమీదా కుర్చీమీదా కూడా అద్దకపు నూలుగుడ్డ వాడరాదంది. అది 1774 దాకా నడిచింది. లెవెన్స్ హాల్ బొంత మొదటి చట్టం వచ్చిన కొన్నేళ్ళకు కుట్టింది. కొత్త గుడ్డ దొరకనప్పుడు పాత గౌనుల ముక్కలు, మిగిలిన తునకలు ఎంత అపురూపమో ఊహించుకోవచ్చు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంకో పద్ధతి కూడా పుట్టింది. చీటీలోంచి ఒక్కో పువ్వునూ పిట్టనూ కత్తిరించి, తెల్లగుడ్డమీద దూరదూరంగా అతికి, చుట్టూ కుట్టడం. దానికి పెట్టిన పేరు బ్రోదెరీ పెర్స్, అంటే పర్షియా కుట్టుపని. మచిలీపట్నం పువ్వుకు పర్షియా పేరు రావడం కొత్తేమీ కాదు.

1701 చట్టంలో ఒక సందు ఉంది. అద్దకం గుడ్డ మీదే అడ్డు, తెల్లగుడ్డ మీద లేదు. తెల్లగుడ్డ తెప్పించి లండన్ చుట్టుపక్కలే అద్దుకున్నారు. ఆ తెల్లగుడ్డ వ్యాపారంలోకి ఉత్తరాంధ్ర వచ్చి చేరుతుంది.

విశాఖపట్నంలో ఇంగ్లీషు కంపెనీ కొఠీ 1682లో వెలిసింది. పక్కనే భీమునిపట్నంలో డచ్చివాళ్ళు, 1825లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించేదాకా ఉన్నారు. ఈ సీమ నుంచి వాళ్ళు మూటలు కట్టి పంపినవి ముఖ్యంగా పుంజాల లెక్కన అమ్మే తెల్లతానులు. పడుగులో 120 పోగులు ఒక పుంజం, పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ సన్నం, ధర ఎక్కువ. శ్రీకాకుళం మస్లినుకు దూరదూరాల పేరుండేది. పొందూరులో నేటికీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేతిరాట్నం మీద వంద నంబరు దాకా నూలు తీస్తారు. ఆ దవడ పళ్ళకున్నంత సన్నం ఏ ఇనుప దువ్వెనకూ రాదట. ఇక్కడి పేరు నేతకే తప్ప అద్దకానికి కాదు. చీటీ సీమ కృష్ణా ముఖం, తెల్లగుడ్డ సీమ వంశధార, నాగావళి.

పాతపట్నం ఈ సీమకు ఒక కొస. మహేంద్రగిరి నుంచి దిగే మహేంద్రతనయ ఒడ్డున, పర్లాకిమిడికి ఆనుకుని ఉంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలు ఈ ఊరి మీదుగానే వెళ్ళేది. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. రైలు పోయిన ఊరికల్లా మిల్లు గుడ్డా పోయింది, అందులో పువ్వుల చీటీలు కూడా. రైలు వచ్చేనాటికే లంకాషైరులో ఆ పువ్వులు వేసేది చెక్క అచ్చు కాదు. 1783లో థామస్ బెల్ పేటెంటు పుచ్చుకున్న రాగి రోలరు వచ్చి వందేళ్ళు దాటింది. ఎరుపుకు వేరూ అక్కర్లేదు. వేళ్ళలోని ఎరుపు సారం అలిజరిన్‌ను 1868లో ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. 1897కల్లా నీలిమందు కూడా జర్మనీ కార్ఖానా నుంచి డబ్బాల్లో వచ్చింది. మచిలీపట్నానికి అంతకుముందే గట్టి దెబ్బ తగిలింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది, రేవు మళ్ళీ కోలుకోలేదు. మద్రాసు ప్రభుత్వం కోసం హాడవే అనే ఆయన 1917లో ఈ అద్దకం మీద పుస్తకం వేసేనాటికి ఆయన రాసుకున్నది చాలావరకు ఆరిపోతున్న పని గురించే.

ఇక బొంత. ఉత్తరాంధ్ర పల్లెల్లో బొంత అంటే కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, లావుపాటి సూదితో ఈ చివర నుంచి ఆ చివరకు వరస కుట్లు వేసింది. వరి కుప్పలు పడి, చేతులు ఖాళీ అయ్యాక ఆడవాళ్ళు అరుగుమీద కూర్చుని కుట్టుకునే పని. కొత్తగుడ్డ కొని బొంత కుట్టడమన్న మాట అక్కడ నవ్వు తెప్పిస్తుంది. బొమ్మ ఏమైనా ఉంటే అది కుట్టు వేసే గీతల్లో, చీర అంచుల్లో ఉంటుంది. అద్దకం బొంతలోకి దొంగదారిన వస్తుంది: ఏ చీటీ చీరో చినిగి పొరగా మారినప్పుడు. పొరలు నలిగాక పైన ఇంకో చీర వేసి కుట్టేస్తారు, పాతది లోపలికి పోతుంది. అందుకే ఉత్తరాంధ్ర బొంతల చరిత్ర రాయడం కష్టం. లెవెన్స్ హాల్ బొంతను దాచుకున్నారు, ఇక్కడి బొంతను కప్పుకున్నారు.

ఇక్కడ గుడ్డమీద ముద్ర అసలు లేదనీ అనకూడదు. ప్రతి ఇంటి గుడ్డమీదా ఒక ముద్ర ఉండేది, చాకలి గుర్తు. నల్లజీడి గింజ పాలు పుల్లతో చుక్కలుగా పెట్టి, పైన సున్నపునీళ్ళు అద్దితే చెరగని నలుపు వస్తుంది. పటికా ఎరుపూ చేసే పనిని జీడీ సున్నమూ ఇంకోరకంగా చేస్తాయి. ఆ పాలు ఒంటిమీద పడితే బొబ్బలెక్కుతుంది, పుల్ల పట్టినవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. ఏ గుర్తు ఏ ఇంటిదో పుస్తకంలో రాసుకోకుండా చెప్పగలిగేవారు.

అమెరికాలోనూ బొంతమీద ముద్ర పువ్వుతో కాక పేరుతోనే ఎక్కువగా దిగింది. 1840ల్లో అక్కడ స్నేహితులూ చుట్టాలూ తలా ఒక ముక్క కుట్టి, దానిమీద చెరగని సిరాతో సంతకం చేసి, అన్నిటినీ ఒక్క బొంతగా కలిపి ఊరు విడిచిపోయేవాళ్ళకు ఇచ్చేవారు. చేతిరాత బాగోలేనివాళ్ళు లోహపు ముద్రలతోనో రేకు అచ్చులతోనో పేరు వేసుకునేవారు. గుడ్‌ఇయర్ అనే అమెరికన్ గంధకంతో రబ్బరును గట్టిపరచడం కనిపెట్టింది 1839లో. రబ్బరు స్టాంపులు 1860ల్లో మొదలై ముందు ఆఫీసులకు పోయాయి. బొంతలకు వచ్చేసరికి మరో శతాబ్దం గడిచింది.

స్వతంత్రం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పూనికతో చేతిపనులకు మళ్ళీ కదలిక వచ్చింది. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది, 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. మచిలీపట్నం అచ్చులు పెడనలో దుప్పట్లుగా, తానులుగా మళ్ళీ బజారెక్కాయి. ఇప్పుడు పెడన అద్దకంవాళ్ళకు మాంచెస్టరు బెడద లేదు. పక్క వీధిలోని స్క్రీన్ ప్రింటింగు బెడద ఉంది. అచ్చుతో రోజంతా పట్టే పనిని స్క్రీను గంటల్లో తేల్చేస్తుంది, పేరు మాత్రం కలంకారీయే పెట్టుకుంటుంది. కొనేవాళ్ళకు ఆనవాళ్ళు ఉన్నాయి. అచ్చు అచ్చును కలిసే చోట గీత ఒక పోగు అటో ఇటో జరుగుతుంది. అంతకన్నా గట్టి పరీక్ష గుడ్డను తిరగేసి చూడటం. పటిక మీద ఉడికి పట్టిన ఎరుపు వెనక్కి కూడా దిగుతుంది, పైపూత రంగు దిగదు.

రబ్బరు స్టాంపు ఈ పరీక్షలో ఓడిపోతుంది. దాని ఇంకు పోగుమీద కూర్చుంటుందే గానీ పోగులోకి పోదు. అందుకే ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు సన్నగీతల బొమ్మలు మానేసి లావుగీతల బొమ్మలు ఎంచుకుంటారు, ముందుగా గుడ్డను ఉతికి గంజి వదలగొడతారు, చివర వేడిచేసి ఇంకును నిలబెడతారు. గంజి వదలగొట్టడం పెడనలోనూ మొదటి పనే. అయినా బొంత విషయంలో ఈ ఓటమి లెక్కలోకి రాదు. అద్దిన ముక్క అతుకై పొరలమీద కుట్టుబడ్డాక దాని వెనకవైపు దూదికీ దారానికీ తప్ప ఎవరికీ కనబడదు.